ప్రశ్న ఒకరిది, పాఠకులు లక్షలమంది

వారపత్రిక చేతికి వచ్చిందంటే దాన్ని మొదటి పేజీనుంచి వరసగా చదివేవారు అరుదు. ఒకరు ముందుగా కార్టూన్లు చూస్తారు. మరొకరు ధారావాహిక నవల ఎంతవరకు వచ్చిందో చూస్తారు. కాని ఇంటికొక్కరయినా తిన్నగా ప్రశ్నలు, జవాబులు ఉండే పేజీకి పోయేవారు ఉంటారు. "మా అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు, నన్నేం చేయమంటారు?" అని ఊరూ పేరూ చెప్పని ఒకామె రాసిన ఉత్తరం అక్కడ ఉంటుంది. చదివేవారికి అసలు అత్తగారే లేకపోవచ్చు. అయినా పెళ్ళికాని కాలేజీ కుర్రవాడు చదువుతాడు, మనుమలను ఎత్తిన తాతగారు కూడా కళ్ళజోడు సవరించుకుని చదువుతారు.

ఇందులో ఒక చిన్న లెక్క ఉన్నది. ఉత్తరానికి వచ్చిన జవాబు ఎవరికి పనికివస్తుంది? రాసినామెకు. ఆ సంచిక పదివేల ఇళ్ళకు పోయిందనుకుంటే, తక్కిన తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఇళ్ళవారికీ ఆ జవాబుతో నిమిత్తం లేదు. సలహా ఇవ్వటమే ఉద్దేశమయితే సంపాదకుడు ఒక కార్డు ముక్క మీద రాసి ఆమెకు పంపితే సరిపోయేది. అచ్చు వేయవలసిన పని లేదు. మూడువందల ఏళ్ళకు పైగా అచ్చువేస్తూనే ఉన్నారంటే, ఈ శీర్షిక అడిగినవారి కోసం కాక అడగనివారి కోసం నడుస్తున్నదన్నమాట. అడగనివారికి ఇందులో దొరికేదేమిటి? దీనికి మనస్తత్వ శాస్త్రం కొన్ని ప్రయోగాలతో జవాబు చెప్పింది. వాటి సంగతికి వెళ్ళేముందు ఈ శీర్షిక పుట్టుక కొంచెం తెలుసుకోవటం మంచిది. ఎందుకంటే దాని ఆకర్షణలో సగం దాని పుట్టుకలోనే కనిపిస్తుంది.

పెన్నీ తపాలా, కాఫీ హోటలు

ఈ శీర్షికకు పుట్టిల్లు లండను నగరం. జాన్ డంటన్ అనే పుస్తక ప్రకాశకుడు 1691 మార్చిలో ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. దాని మొదటి పేరు "ఏథీనియన్ గెజెట్". కొద్దికాలానికే "ఏథీనియన్ మెర్క్యురీ" అని మార్చారు. ఒకటే కాగితం, రెండువైపులా అచ్చు, వెల ఒక పెన్నీ. పాఠకులు పంపిన ప్రశ్నలూ వాటికి జవాబులూ తప్ప అందులో మరొకటి లేదు. జవాబులు చెప్పేది "ఏథీనియన్ సంఘం" అనే పండిత పరిషత్తు అని ప్రకటించారు. ఆ పరిషత్తు గుట్టు ఏమిటంటే, అందులో ఉన్నది డంటనుతో కలిపి ముగ్గురు నలుగురే. వారిలో రిచర్డ్ సాల్ట్ గణితం తెలిసినవాడు. శామ్యూల్ వెస్లీ మతగురువు, డంటనుకు తోడల్లుడి వరస. మెథడిస్టు శాఖను స్థాపించిన జాన్ వెస్లీకి ఈయనే తండ్రి. ఈ సంగతి తెలియని జొనాథన్ స్విఫ్ట్ అనే యువకుడు ఆ మహాపరిషత్తును కీర్తిస్తూ ఒక పద్యం రాసి పంపాడు. 1692లో వెలువడిన ఆ పద్యమే ఆయన రచనల్లో మొదట అచ్చయినది. తరవాత లోకాన్నంతా వెక్కిరించిన స్విఫ్ట్ తొలి అడుగులోనే ఇలా బోల్తా పడ్డాడు!

ఈ పత్రిక 1691లోనే ఎందుకు పుట్టింది, పాతికేళ్ళ ముందు ఎందుకు పుట్టలేదు అన్న ప్రశ్నకు జవాబు తపాలాలో ఉన్నది. 1680లో విలియం డాక్‌రా అనే వర్తకుడు లండనులో పెన్నీ తపాలా ఏర్పాటు చేశాడు. నగరంలో ఏ మూలనుంచి ఏ మూలకయినా ఒక్క పెన్నీకి ఉత్తరం చేరేది. ఆ పెన్నీ పంపేవారే ముందుగా కట్టేవారు. కనుక అందుకునేవారికి పంపినవారు ఎవరో తెలియవలసిన అవసరం లేకపోయింది. డంటను తన పాఠకులను ప్రశ్నలన్నీ ఒక కాఫీ హోటలు చిరునామాకు పెన్నీ తపాలాలో పంపమన్నాడు. అడగటానికి సిగ్గుపడే ప్రశ్న అడగాలంటే రెండు కావాలి: ఒకటి, జవాబు చెప్పగల మనిషి, రెండు, మొహం కనబడకుండా ఉండే సదుపాయం. మొదటిది చర్చిలో మతగురువు రూపంలో ముందునుంచీ ఉన్నది. రెండవదాన్ని తపాలా తెచ్చింది.

ఇక వచ్చిన ప్రశ్నలు! ఆత్మ ఎక్కడ ఉంటుంది, ఇంద్రధనుస్సు ఎందువల్ల వస్తుంది, ఇచ్చిన మాట తప్పిన ప్రియుడిని ఏం చేయాలి - ఇవన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండేవి. న్యూటన్ "ప్రిన్సిపియా" అచ్చయి అప్పటికి నాలుగేళ్ళే అయింది. ప్రకృతిని గురించి అడగటం, పక్కింటిని గురించి అడగటం వేరువేరు పనులని ఇంకా ఎవరికీ తోచలేదు. విజ్ఞాన పత్రికలూ సలహాల శీర్షికలూ ఒకే పురిటింట్లో పుట్టాయంటే అతిశయోక్తి కాదు. స్త్రీలు కూడా రాయవచ్చునని డంటను ప్రత్యేకంగా ఆహ్వానించాడు. పత్రిక 1697లో ఆగిపోయింది కాని, పద్ధతి ఆగలేదు.

తరవాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. 1898లో న్యూయార్కులో మేరీ మానింగ్ అనే పత్రికా రచయిత్రి "బియట్రిస్ ఫేర్‌ఫాక్స్" అనే మారుపేరుతో ప్రేమ, పెళ్ళి సమస్యలకు జవాబులు మొదలుపెట్టింది. 1906లో అదే నగరంలో, తూర్పు యూరపునుంచి వలసవచ్చిన యూదుల కోసం వారి యిడ్డిష్ భాషలో వెలువడే "ఫార్వర్డ్" పత్రికలో సంపాదకుడు ఏబ్రహాం కాహన్ "ఉత్తరాల కట్ట" అనే అర్థం వచ్చే పేరుతో ఒక శీర్షిక పెట్టాడు. 1955లో షికాగోలో ఎస్తర్ లెడరర్ అనే ఆవిడ "ఆన్ లాండర్స్" అనే పేరుతో రాయటానికి కుదిరింది. మరుసటి ఏడే ఆమె కవల సోదరి పౌలీన్ ఫిలిప్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో "డియర్ ఆబీ" ప్రారంభించింది. ఊళ్ళవారి తగవులన్నీ తీర్చిన ఈ అక్కచెల్లెళ్ళు తమలో తాము కొన్నేళ్ళపాటు మాట్లాడుకోలేదు. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

తెలుగులో ఈ శీర్షికకు గౌరవం తెచ్చినది మాలతీ చందూర్. "ఆంధ్రప్రభ" వారపత్రికలో ఆవిడ 1950 దశకంలో మొదలుపెట్టిన "ప్రమదావనం" నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంటల సంగతులు, ఆరోగ్యం, ఇంటి చిక్కులు, ప్రపంచ విషయాలు - అడగనిదీ చెప్పనిదీ లేదు. ఆ పేజీ ఆడవారికని పేరు. మగవారు చదవలేదని ఎవరయినా అంటే నమ్మటం కష్టం. శరీర ధర్మాలను గురించి పెద్దలను అడగలేని విషయాలకు డాక్టర్ సమరం "స్వాతి" వారపత్రికలో ఇచ్చిన జవాబులు కూడా ఈ కోవలోవే.

లోపలి సంగతి, బయటి సంగతి

ప్రతి మనిషికీ తన మనస్సు లోపలినుంచి తెలుసు; ఇతరుల మనస్సులు బయటినుంచి మాత్రమే తెలుసు. ఇది చిన్నమాటగా కనిపిస్తుంది కాని, చాలా దుఃఖానికి ఇదే మూలం. తన ఇంట్లో జరిగే పోట్లాట తనకు వినబడుతుంది. ఎదురింటివారు పండగనాడు కొత్తబట్టలు కట్టుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడటం మాత్రమే కనబడుతుంది. 1954లో లియాన్ ఫెస్టింజర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. బరువు తూచటానికి తక్కెడ, పొడవు కొలవటానికి బద్ద ఉన్నాయి. కాని తన అభిప్రాయం సరి అయినదా, తన శక్తి ఏపాటిది అని తెలుసుకోవటానికి కొలబద్దలు లేనప్పుడు, మనిషి ఇతర మనుషులనే కొలబద్దగా పెట్టుకుంటాడని ఆయన అన్నాడు. చిక్కల్లా ఆ కొలబద్ద బయటివైపు మాత్రమే కనిపించటం.

దీనివల్ల ఒక విచిత్రమైన స్థితి ఏర్పడుతుంది. దానిని ఉమ్మడి అపోహ అనవచ్చు. ఒక గుంపులోని వారందరూ లోపల ఒకేవిధంగా అనుకుంటూ, ఎవరికి వారు "ఇలా అనుకునేది నేనొక్కడినే" అని భ్రమపడటం దీని లక్షణం. 1993లో డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ అనే ఇద్దరు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులను పరిశీలించారు. అక్కడి విద్యార్థుల్లో మద్యపానం అలవాటు ఎక్కువ. దానిని గురించి నీకెలా ఉన్నది, తక్కిన విద్యార్థులకు ఎలా ఉన్నదనుకుంటావు అని విడివిడిగా అడిగారు. సగటు విద్యార్థి తనకు అది కొంత ఇబ్బందిగానే ఉన్నదనీ, ఇతరులకు మాత్రం తనకున్నంత ఇబ్బంది లేదనీ చెప్పాడు. అందరూ అదే చెబితే, ఆ "ఇతరులు" ఎవరు? ఎక్కడా లేరు! లేని మనుషులను చూసి ఉన్న మనుషులు తలవంచుతున్నారు.

ఉపాధ్యాయులకు ఇంతకంటె దగ్గర ఉదాహరణ ఒకటి ఉన్నది. ఈ మిల్లరే 1987లో కాథీ మెక్‌ఫార్లండ్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో విద్యార్థులకు కావాలనే అర్థంకాని విధంగా రాసిన వ్యాసం ఇచ్చారు. అర్థంకాకపోతే వచ్చి అడగవచ్చునని చెప్పారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు. తనను లేవకుండా ఆపినది సిగ్గేనని ప్రతివాడికీ తెలుసు. కాని ఇతరులకు అంత సిగ్గు ఉండదనీ, వారు లేవలేదంటే వారికి అర్థమయిందనీ ప్రతివాడూ అనుకున్నాడు. "సందేహాలున్నాయా?" అని మాస్టారు అడిగినప్పుడు తరగతి యావత్తూ నిశ్శబ్దంగా ఉండటానికి కారణం ఇంతకంటె బాగా ఎవరూ చెప్పలేదు.

సలహాల శీర్షికలోని ఉత్తరం ఈ అపోహ మీద దెబ్బకొడుతుంది. అక్కడ పేరు లేదు, ఊరు లేదు, మొహం లేదు. ఉన్నదల్లా లోపలి సంగతి. బయటివైపు పూర్తిగా కప్పేసి లోపలివైపు మాత్రమే చూపించే కిటికీ అది. నిత్యజీవితంలో కనిపించేదానికి సరిగ్గా తలకిందులు. న్యూయార్కు మురికివాడల్లో పన్నెండుగంటలు బట్టలు కుట్టి ఇంటికి వచ్చిన వలస కూలీ, భర్త వదిలిపెట్టిపోయిన ఒక ఇల్లాలి ఉత్తరం "ఫార్వర్డ్" పత్రికలో చదివాడంటే అతనికి అందిన కబురు సలహా కాదు. ఈ కొత్త దేశంలో తట్టుకోలేకపోతున్నది తానొక్కడే కాదు అన్న కబురు.

దీనికి తోడు మనిషికి మనుషుల కబుర్లంటే పుట్టుకతోనే మక్కువ. రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో, బహిరంగ స్థలాల్లో జనం మాట్లాడుకునే మాటలను విని లెక్కకట్టి 1997లో ప్రకటించాడు. సంభాషణలో సుమారు మూడింట రెండువంతులు మనుషుల మధ్య జరిగే సంగతులే అని తేలింది. రాజకీయాలు, ఉద్యోగం, సంగీతం అన్నీ కలిసి మిగతా ఒక వంతు. కాని ఊళ్ళో చెప్పుకునే కబురుకు ఒక పాపం అంటుతుంది: ఎవరిని గురించి చెప్పుకుంటున్నారో వారి పరువు పోతుంది. పేరులేని ఉత్తరంలో ఆ పాపం లేదు. రచ్చబండ మీద కూర్చున్న సరదా ఉంటుంది, ఎవరి గుండె గాయపడదు.

జవాబును చేత్తో మూసి

ఈ పేజీ చదివేవారిలో ఒక అలవాటు కనిపిస్తుంది. ప్రశ్న చదివి, జవాబు చదవకుండా ఒక్కక్షణం ఆగుతారు. "నన్నడిగితే పుట్టింటికి పొమ్మంటాను" అని తీర్పు చెప్పి, తరవాత జవాబు చూస్తారు. కలిస్తే సంతోషం, కలవకపోతే, "ఈవిడకేం తెలుసు!" తెలిసినదానికీ తెలియాలనుకున్నదానికీ మధ్య ఉన్న ఖాళీని గుర్తించటమే కుతూహలం అని 1994లో జార్జి లోవెన్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న ఆ అంగుళం ఖాళీస్థలం ఆ పేజీ మొత్తానికి ప్రాణం.

అయితే ఇతరుల చిక్కును విప్పటంలో ఇంత ఉత్సాహం, ఇంత నేర్పు ఎక్కడనుంచి వస్తాయి? పరోపదేశ పాండిత్యం అని మనవారు వెక్కిరిస్తారు. కాని ఆ పాండిత్యం ఉత్తదేమీ కాదని ఈమధ్య రుజువయింది. ఇగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ అనే ఇద్దరు 2014లో ప్రకటించిన ప్రయోగాలలో కొందరిని, ప్రేమించిన మనిషి తమను మోసగించినట్టు ఊహించుకోమన్నారు. మరికొందరిని, తమ ఆప్తమిత్రుడికి అలా జరిగినట్టు ఊహించుకోమన్నారు. తరవాత ఏమవుతుందో, ఏం చేయాలో చెప్పమన్నారు. మిత్రుడి సంగతి చెప్పినవారు, తమకు తెలియని విషయాలు ఉండవచ్చునని ఒప్పుకున్నారు, అవతలివారి వైపునుంచి కూడా ఆలోచించారు, రాజీకి దారులు వెతికారు. తమ సంగతి చెప్పినవారిలో ఈ వివేకం తగ్గింది. అరవై దాటినవారిని పరీక్షించినా ఇదే తేడా కనిపించింది. వయస్సు దీనికి మందు కాలేదు. ఊరందరికీ తీర్పులు చెప్పి తన ఇంటిని చక్కబెట్టుకోలేకపోయిన బైబిలు రాజు పేరుమీద వారు దీనికి సొలొమోను విరోధాభాసం అని పేరు పెట్టారు.

ప్రయోగంలో మరొక భాగం ఇంకా ముఖ్యం. తన సమస్యనే పరాయి మనిషి కథలాగా దూరంనుంచి చూడమన్నప్పుడు ఆ తేడా మాయమయింది. ఇప్పుడు సలహాల శీర్షిక చదివే కోడలిని చూడండి. ఎవరో కోడలు రాసిన ఉత్తరం చదివి, "ఈ అమ్మాయి కూడా కొంచెం తొందరపడింది" అనుకుంటుంది. తన ఇంటి తగవును గురించి ఆ మాట ఎవరయినా ఆమె మొహాన అంటే ఊరుకునేది కాదు. పరాయి పేరుమీద ఆమె తన వ్యవహారాన్నే విచారిస్తున్నది, నిష్పక్షపాతంగా.

ఇది సలహా చెప్పేవారికి కూడా వర్తిస్తుంది. 1975 జూలైలో ఆన్ లాండర్స్ తన శీర్షికలో, ముప్పైఆరేళ్ళ తన కాపురం విడాకులతో ముగుస్తున్నదని పాఠకులకు తెలియజేసి, ఆ పేజీలో కొంత స్థలాన్ని ఖాళీగా వదలమని సంపాదకులను కోరింది. అంతమంది కాపురాలు చక్కదిద్దిన మనిషికి తన కాపురం విషయంలో మాటలు దొరకలేదు.

పదివేల ఉత్తరాలు చెప్పిన అబద్ధం

ఇంతవరకూ చెప్పినది విని ఈ పేజీ లోకానికి అద్దం అనుకుంటే పొరపాటు. ఆ ఏడాదిలోనే అదే శీర్షికలో దీనికి మంచి నిదర్శనం దొరికింది. పిల్లలను కనాలా వద్దా అని తటపటాయిస్తున్న ఒక యువజంట రాసిన ఉత్తరాన్ని పట్టుకుని, ఆన్ లాండర్స్ తన పాఠకులను ఒక ప్రశ్న అడిగింది: "మళ్ళీ మొదటినుంచి జీవించే అవకాశం వస్తే మీరు పిల్లలను కంటారా?" దాదాపు 10,000 జవాబులు వచ్చాయి. వారిలో నూటికి 70 మంది "కనము" అన్నారు. దేశమంతా నివ్వెరపోయింది. "న్యూస్‌డే" అనే పత్రిక ఊరుకోక, యాదృచ్ఛికంగా ఎంచిన 1,373 మంది తల్లిదండ్రులను అదే ప్రశ్న అడిగించింది. నూటికి 91 మంది "కంటాము" అన్నారు.

పదివేలు పెద్ద సంఖ్య, వెయ్యిన్నర చిన్న సంఖ్య. అయినా చిన్నదే నిజానికి దగ్గర. ఎందుకో విద్యార్థులు నల్లబల్లమీద చేసి చూడవచ్చు. వెయ్యిమంది తల్లిదండ్రుల్లో 90 మంది పశ్చాత్తాపపడేవారు, 910 మంది తృప్తిగా ఉన్నవారు అనుకుందాం. బాధ ఉన్నవారికి రాయాలని ఉంటుంది. కనుక వారిలో ముగ్గురికి ఒకరు చొప్పున 30 మంది రాశారనుకుందాం. సుఖంగా ఉన్నవారికి రాయవలసిన తొందరేమున్నది? డెబ్భైమందికి ఒకరు చొప్పున 13 మంది రాశారనుకుందాం. వచ్చిన ఉత్తరాలు 43. అందులో "కనము" అన్నవి 30. అంటే నూటికి డెబ్భై! ఒక్కరు కూడా అబద్ధం ఆడలేదు, లెక్క తప్పు కట్టలేదు, అయినా జవాబు తలకిందులయింది. ఇందులో పదివేల ఉత్తరాలు కాదు, పదిలక్షలు వచ్చినా ఇంతే. ఎంతమంది రాశారన్నది కాదు, ఎవరు రాశారన్నది ముఖ్యం.

ఒక ఉత్తరం చదివినప్పుడు రెండు రకాల నిర్ధారణలు చేయవచ్చు. "ఇటువంటి బాధ పడేవారు నేను కాక మరొకరు ఉన్నారు" అన్నది ఒకటి. దీనికి ఒక్క ఉత్తరం చాలు. గణితంలో ఒక ధర్మంగల సంఖ్య ఉన్నదని నిరూపించటానికి అలాంటి సంఖ్యను ఒక్కదాన్ని చూపిస్తే చాలదూ? "లోకంలో కాపురాలన్నీ ఇలాగే ఉన్నాయి" అన్నది రెండవది. దీనికి ఎన్ని ఉత్తరాలయినా చాలవు. పాఠకుడికి కలిగే ఊరట మొదటిదానినుంచి వస్తుంది, దానికి ఆధారం ఉన్నది. దిగులు రెండవదానినుంచి వస్తుంది, దానికి లేదు. ఏళ్ళతరబడి ఈ పేజీ చదివి "ఈ కాలంలో ఎవరినీ నమ్మకూడదు" అని తేల్చేవారు ఈ రెంటినీ కలిపేసుకున్నవారు.

తరగతిలో ఒక పెట్టె

కొందరు ఉపాధ్యాయులు తరగతి మూలలో ఒక అట్టపెట్టె పెట్టి, సందేహాలను పేరు రాయకుండా చీటీలమీద రాసి వేయమంటారు. ఇది డంటను కాఫీ హోటలుకు చిన్న నకలు. పెట్టె పని చేయాలంటే అందరూ ఏదో ఒకటి రాయాలి. సందేహం లేనివాడు "లేదు" అని రాసి వేయాలి. లేకపోతే లేచి పెట్టెదాకా నడిచినవాడెవడో అందరికీ తెలిసిపోతుంది, మొహం కనబడకుండా ఉండే సదుపాయం పోతుంది. అందరిచేతా రాయించటంలో మరొక లాభం: ఎందరికి అర్థంకాలేదో నిజమైన లెక్క తెలుస్తుంది, ఆన్ లాండర్స్‌కు దొరకని లెక్క.

పాఠ్యాంశం దాటిన చీటీలు కూడా పడతాయి. వాటిలో ఇంట్లో దెబ్బలు తింటున్నట్టో, ఎవరో భయపెడుతున్నట్టో ఉంటే అది బిగ్గరగా చదివే చీటీ కాదు. పేరులేని చీటీకి విడిగా జవాబు పంపే దారి లేదు కనుక, పిల్లల సహాయానికి ఉన్న 1098 టెలిఫోను నెంబరును బోర్డు పక్కన ఎప్పుడూ రాసి ఉంచటం, ఆ సంగతిని ప్రధానోపాధ్యాయుడి దృష్టికి వెంటనే తీసుకుపోవటం అవసరం.

మిగతా చీటీలు చదవవచ్చు. "ద్రవ్యరాశికీ బరువుకీ తేడా నాకు ఒక్కడికే అర్థం కాలేదనుకుంటాను" అన్న చీటీ చదివి, జవాబు చెప్పబోయేముందు ఒక్కక్షణం ఆగి తరగతివైపు చూస్తే, బల్లల వెంట తలలు లేస్తాయి. పెట్టె అడుగున వెతికితే అదే ప్రశ్న మరి నాలుగు చేతివ్రాతల్లో దొరుకుతుంది, "ఒక్కడికే" అన్న మాటతో సహా.